డై చేసినవాడికెంత, గీత గీసినవాడికెంత

నాచారం పారిశ్రామికవాడలో నలభై ఏళ్లు డై ఫిట్టర్‌గా పనిచేశాను.

నలభై కాదు, ముప్పై ఆరు. పెళ్లిళ్లలో, బస్సుల్లో ఎవరడిగినా నలభై అని చెప్పీ చెప్పీ, రాసేటప్పుడు కూడా చెయ్యి అటే పోయింది. ఉక్కు మీద వేలుపెట్టి తడిమి అయిదు మైక్రాన్ల తేడా పట్టేవాణ్నని కూడా అంటుంటాను. అదీ నిజం కాదు. ముప్పై ఉంటేనే పట్టగలిగేవాణ్ని, అదీ చలికాలం కాకపోతే.

డై అంటే తెలియని వాళ్లకు రెండు ముక్కలు. మీ ఇంట్లో ఫ్యాను మోటారు మీద మూత ఉంటుంది, స్విచ్చుబోర్డు వెనక రేకు ఉంటుంది. ఇవి వేలకొద్దీ ఒకే కొలతతో రావాలంటే రేకును కోసే ఉక్కు అచ్చు ఒకటి కావాలి. ఆ అచ్చే డై. దాన్ని కాగితం మీద గీసేవాడు ఇంజినీరు. ఉక్కులో చేసేవాడు ఫిట్టరు. లోకంలో ఈ ఇద్దరి జీతాల మధ్య ఎంత తేడా ఉందో, ఎందుకుందో, ఉండాలో వద్దో చెబుదామని కూర్చున్నాను. చెప్పేటప్పుడు కోపం వస్తుంది. వస్తే రానిస్తాను. ఈ వయసులో నాకు మిగిలిన పనిముట్టు అదొక్కటే.

ఇది రాయడానికి కారణం మౌనిక. చిల్కానగర్‌లో మా పక్కింటి సత్తయ్య కూతురు. ఇంటర్ పాసైంది. రెండు సీట్లు వచ్చాయి. ఒకటి ఘట్‌కేసర్ దగ్గరి ఒక కాలేజీలో మెకానికల్ బీటెక్. రెండోది ఒక శిక్షణ సంస్థలో నాలుగేళ్ల టూల్ అండ్ డై డిప్లొమా. సత్తయ్య ఇంటింటికీ మంచినీళ్ల క్యాన్లు వేస్తాడు. వాళ్ల తాతల నాటి పొలం కాలనీలైపోగా మిగిలింది అరవై గజాల ముక్క. బీటెక్ అయితే ఆ ముక్క అమ్మాలి. డిప్లొమా అయితే అక్కర్లేదు. పిల్లకు డిప్లొమా మీద మనసు, తండ్రికి బీటెక్ మీద. శనివారంలోగా ఏదో ఒక చోట చేరాలి. ఎక్కడ చేరాలో చెప్పాల్సింది నేను, ఎందుకంటే వాడకట్టులో ఆ పని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

రెండు గేట్లు

మా ఫ్యాక్టరీకి రెండు గేట్లుండేవి. ఒకటి స్టాఫ్‌ది, ఒకటి వర్కర్లది. స్టాఫ్ గేటు ముందు పూలకుండీలు, వర్కర్ల గేటు ముందు మురుగుకాలువ. వర్కరు అయిదు నిమిషాలు ఆలస్యమైతే అరగంట జీతం కోత. స్టాఫ్ ముప్పావుగంట ఆలస్యమైతే "ట్రాఫిక్ ఎక్కువుందా సార్?" అని వాచ్‌మన్ పరామర్శ. క్యాంటీన్‌లో పప్పు ఒకటే గిన్నెలోది. కాని స్టాఫ్‌కు స్టీలు పళ్లెం, మాకు గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెం.

పప్పు గురించి కోపం కాదు నాది. డై తయారయ్యాక దాని మీద ఒక రేకు బిళ్ల కొడతారు. కంపెనీ పేరు, డై నంబరు, డిజైన్ చేసినవారి పొడి అక్షరాలు. చేసినవాడి పేరుకు చోటుండదు. నేను చేసిన డైలు కొన్ని ఈనాటికీ మూతలు కోస్తున్నాయి. వాటి మీద నా పేరు లేదు. నా తోలు మాత్రం కొంత ఉంటుంది, అప్పట్లో గ్రైండింగ్ దగ్గర వేళ్లకు తొడుగులిచ్చేవాళ్లు కాదు.

ఇంజినీరు చదువు తక్కువదని నేను అనను. లెక్కలు కావాలి, ఉక్కు గుణం తెలియాలి, పదిమందితో మాట్లాడాలి. కాని కాగితం మీద తప్పు పోతే రబ్బరుతో చెరుపుకోవచ్చు. ఇప్పుడైతే కంప్యూటర్లో ఒక బటన్. ఉక్కులో తప్పు పోతే ఆ ఉక్కు పాత ఇనుముకే. అంత బాధ్యత చేతిలో పెట్టుకున్నవాడికి సగం జీతమేమిటి? ఈ ప్రశ్న నేను మేనేజ్‌మెంట్‌ను నిండు మీటింగులో అడిగాను.

అడగలేదు. అడుగుదామని చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్లి, వెనక బెంచీలో కూర్చుని, వాళ్లు పెట్టిన సమోసా తిని వచ్చాను.

ఇరవై ఏళ్లుగా నేను చెప్పిన కథ

మౌనిక చిన్నప్పటి నుంచీ మా అరుగు మీద కూర్చుని ఒక కథ వినేది. విన్నప్పుడల్లా "మల్ల జెప్పు తాతా" అనేది. ముందు ఆ కథ నేను ఎలా చెప్పేవాణ్నో అలాగే రాస్తాను. అందులో నిజమెంతో తర్వాత చెబుతాను.

మా డిజైన్ ఇంజినీరు ప్రసాద్ గారు. తెనాలి వైపు మనిషి, మెత్తగా మాట్లాడతారు, మల్కాజిగిరిలో ఇల్లు. ఒకసారి మోటారు మూత కోసే డై గీశారు. రేకులోంచి ముక్కను కోసే పనిలో ఒక సూత్రముంది. కింద ఉన్న డై రంధ్రం ఎంత ఉంటే ముక్క అంత వస్తుంది. కాబట్టి పైనుంచి దిగే పంచ్‌ను కొంచెం చిన్నది చెయ్యాలి. ముక్క కాక రంధ్రం కావాల్సి వస్తే లెక్క తిరగబడుతుంది. అప్పుడు పంచ్ ఎంతో రంధ్రం అంత, కాబట్టి డైని కొంచెం పెద్దది చెయ్యాలి. ఈ తేడా రెండు వెంట్రుకల మందం. ప్రసాద్ గారు ముక్క కోసే డైకి రంధ్రం పొడిచే లెక్క వేశారు. అలా చేస్తే మూత పెద్దదై మోటారు మీద కూర్చోదు.

నేను డ్రాయింగు చూసిన మరుక్షణం ఆయన కేబిన్‌లోకి వెళ్లి, కాగితం బల్ల మీద పరిచి, "సార్, గిట్ల జేస్తే డై తుక్కుకిందికే పోతది" అన్నాను. ఆయన లేచి నిలబడి నా రెండు చేతులూ పట్టుకుని, "మీరు లేకపోతే నా ఉద్యోగం పోయేదండీ" అన్నారు. మర్నెల నుంచి నన్ను స్టాఫ్‌లోకి తీసుకున్నారు. పూలకుండీల గేటు. ఆయనతో సమానంగా జీతం.

ఇదీ కథ. మౌనిక ఫిట్టరు కావాలనుకున్నది ఈ కథ విని.

సత్తయ్య అడిగిన ప్రశ్న

మంగళవారం సాయంత్రం సత్తయ్య క్యాన్ల ఆటో ఆపి మా అరుగు మీద కూర్చున్నాడు. మౌనిక గుమ్మం దగ్గర నిలబడింది.

"మామా, ఒక్కటే అడుగుత. సక్కగ జెప్పు. నువ్వు దిగిపోయేనాటికి నెలకెంతొచ్చేది?"

"ఎందుకురా?"

"ఎందుకంటే ఏంది? ఘట్‌కేసర్ రోడ్డు పొంటి ఎటు జూసినా కాలేజీల బోర్డులే. ఒక్కొక్క పోరని ఫొటో, కింద లక్షలు. నీ ఫిట్టర్ల ఫొటో ఒక్కటన్న ఉన్నదా యాడనన్న? ప్లాటు బేరమైతే వచ్చింది. అమ్మాల్నా వద్దా? నా బిడ్డ నువ్వు జెప్పే కథలు పట్టుకొని ఊగులాడుతున్నది."

"ఊగులాడుతలేను," అంది మౌనిక. "నాలుగేండ్లు బెంచి మీద కూసుంటే చేతికేమొస్తది బాపూ? తాత జెప్పినట్టు డై జేస్తే..."

"నువ్వాగు. మామా, జెప్పు. ఎంత?"

ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది. సత్తయ్య మీద కాదు, ఆ బోర్డుల మీద. ఫ్లెక్సీ మీద నవ్వుతున్న ఆ పిల్లల్లో ఎందరు ఇప్పుడు వీపున సంచులేసుకుని ఇళ్లకు తిండి చేరవేస్తున్నారో ఏ బోర్డూ రాయదు. బీటెక్ పట్టాతో నాచారానికి వచ్చి, ట్రైనీ ఇంజినీరు అనే పేరు మెడలో వేలాడేసుకుని, పక్కన లోడింగ్ చేసే మనిషికన్నా తక్కువ జీతానికి పనిచేసే పిల్లలు నాకు తెలుసు. ఫిట్టరు పని తక్కువదైపోయిందా వీళ్లకు? ఆ కోపంలో అన్నాను:

"డెబ్బై వేలు."

అది ప్రసాద్ గారి జీతం. నాది ముప్పై రెండు.

సత్తయ్య ముందుకు వంగాడు. "డెబ్బయ్యా? ఐటీఐ తోటి?"

"చేతిల పనుంటే ఐటీఐ ఏంది, పీటీఐ ఏంది," అన్నాను. మౌనిక ముఖం వెలిగిపోయింది. సత్తయ్య ఫోను తీసి ప్లాటు బేరగాడికి రేపు రావద్దని చెప్పాడు.

వాళ్లు వెళ్లాక మా ఇంటామె లోపలి నుంచి వచ్చింది. చేతిలో చాట.

"డెబ్బై వేలొచ్చేదా నీకు? మరి నాకెందుకు సూపెట్టకపోతివి?"

"నవ్వకు."

"నవ్వుతలేను. నీ గప్పాలు నేనైతే ముప్పై ఏండ్లు ఇన్న, నాకేంగాలే. గా పిల్ల నీ మాట నమ్మి నాలుగేండ్లు పోతది. రేపు ముప్పై కూడా రాకపోతే ఎవలకు జెప్పుకుంటది?"

ఆమె చాటలో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

యాదగిరి షెడ్డు

నేరుగా వెళ్లి "అబద్ధం చెప్పాను" అనడానికి నోరు రాలేదు. పిరికివాళ్లకు తెలివి ఎక్కువ కదా, ఒక ఉపాయం చేశాను. గురువారం మౌనికను నాచారంలో యాదగిరి షెడ్డుకు తీసుకెళ్లాను. యాదగిరి ఒకప్పుడు నా చేతికింద పనిచేసినవాడు. ఇప్పుడు వేరేవాళ్ల షెడ్డులో జాబ్‌వర్క్, అంటే ఏ కంపెనీ పని వస్తే ఆ పని, చేస్తున్నాడు. నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. ఇవాళ్టి జీతం ఎంతో అతనే చెబుతాడు, పిల్ల అర్థం చేసుకుంటుంది, నా పరువు నాకు మిగులుతుంది. ఇదీ నా లెక్క.

షెడ్డులో నూనె వాసన, గ్రైండరు చప్పుడు. యాదగిరి మమ్మల్ని చూసి మిషను ఆపి చేతులు తుడుచుకున్నాడు.

"రా అన్నా. ఎవలీ బిడ్డ?"

"మా సత్తి బిడ్డ. డై పని నేర్చుకుంటనంటున్నది."

"ఆడపిల్ల డై పనికొస్తనంటున్నదా? శభాష్! ఇటు రా బిడ్డ, గిది పట్టి సూడు." ఒక పంచ్ ఆమె చేతిలో పెట్టాడు. అద్దంలా మెరుస్తోంది. మౌనిక దాన్ని వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూసింది.

యాదగిరి కొలిచిన ముక్కనే మళ్లీ కొలుస్తున్నాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి. అది చూసి మౌనిక అడిగింది: "గన్నిసార్లెందుకు తాతా?"

"నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదు బిడ్డ. ఎనకట ఒక పెద్ద డై కరాబ్ జేసిన. గప్పటిసంది గింతే."

"నెలకెంతొస్తది తాతా?"

"ఇరవై నాలుగు. పీఎఫ్ లేదు, గీఎఫ్ లేదు. పని లేని దినం పైసల్లేవు."

మౌనిక నా వైపు తిరిగింది. "తాతకు డెబ్బై వచ్చేది కదా?"

యాదగిరి పకపకా నవ్వాడు. "ఈయనకా? డెబ్బై ప్రసాద్ సారుకే వచ్చేది బిడ్డ. మస్తు కోతలు కోస్తడు మా అన్న."

నేను ఆశించింది ఇంతే. ఇక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. కాని మౌనిక ఊరుకోలేదు. "మరి ప్రసాద్ సార్ డ్రాయింగ్ తప్పు పట్టినందుకే కదా తాతను స్టాఫ్‌ల తీసుకున్నరు? గా మోటర్ మూత డై?"

యాదగిరి నవ్వు ఆగింది. "మోటర్ మూత డైయా? గా డ్రాయింగ్ మంచిగనే ఉండె. నేనే తప్పు సదివి రంధ్రం ఎక్కువ రుద్దిన. గందుకే కదా నన్ను తీసేసిన్రు."

ముప్పై ఏళ్లుగా అతను అలాగే అనుకుంటున్నాడు. నాకు ఆ సంగతి తెలియదు. తీసేశారని తెలుసు. తప్పు తనదేనని నమ్మి బతుకుతున్నాడని తెలియదు. షెడ్డులో స్టూలు మీద కూర్చున్నాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

డ్రాయింగు మొదట నా చేతికే వచ్చింది. తప్పు నేను చూశాను. కేబిన్‌లోకి వెళ్లలేదు. లోపల్లోపల నవ్వుకున్నాను. సూటుబూటు వేసుకున్నవాడు కూడా తప్పు చేస్తాడని ఫ్యాక్టరీకంతా తెలియాలనిపించింది. డ్రాయింగు యాదగిరికిచ్చి, "ఇందుల ఎట్లుంటే అట్ల జెయ్యి" అన్నాను. అతను అలాగే చేశాడు, కాగితంలో ఉన్న కొలతకు ఒక వెంట్రుక కూడా అటూ ఇటూ కాకుండా. మూతలు పెద్దవి వచ్చాయి, మోటార్ల మీద కూర్చోలేదు, సరుకు వెనక్కి వచ్చింది. గట్టిపరచిన ఉక్కులో పెద్దదైన రంధ్రం మళ్లీ చిన్నది కాదు, డై పోయింది. సరుకు వెనక్కి వచ్చిన మధ్యాహ్నమే, మేం డైలు చేసే టూల్‌రూంలోని డ్రాయింగు మారిపోయింది. పాత కాగితం లేదు. సరైన కొలతతో కొత్త కాగితం, అదే నంబరు, కింద ప్రసాద్ గారి పొడి అక్షరాలు.

మర్నాడు మేనేజరు గదికి పిలిచారు. యాదగిరికి కొత్త కాగితం చూపించి "ఇదేంటి, నువ్వు చేసిందేంటి?" అన్నారు. అతను కాగితం చూసి తెల్లబోయాడు. అప్పుడు నన్ను అడిగారు: "డ్రాయింగు మీ చేతికే కదా ముందు వచ్చింది. ఇదేనా?" ప్రసాద్ గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నన్ను స్టాఫ్‌లోకి తీసుకునే కాగితం అప్పటికి వారంగా ఆ మేనేజరు బల్ల మీదే ఉంది. "ఇదే సార్" అన్నాను. రెండే మాటలు. మర్నెల పూలకుండీల గేటులోంచి వెళ్లాను. జీతం ఆయనతో సమానం కాలేదు, కొంచెం పెరిగింది. కొంచెమే. ఒక మనిషిని అమ్మినా ఫిట్టరుకు ఫిట్టరు ధరే ఇచ్చారు.

ఇదంతా స్టూలు మీద కూర్చుని యాదగిరికి చెప్పాను. మౌనిక వింటూనే ఉంది.

యాదగిరి చాలాసేపు చేతిలోని కొలత పరికరాన్ని తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. తర్వాత నన్ను చూడకుండా అన్నాడు: "పని పోయింది, పోనీ. పెద్ద డై ఇస్తమంటే ఎన్నిసార్లు వద్దన్ననో ఎరుకేనా నీకు? 'నాతోటి కాదు సార్, నా కండ్లు మోసం జేస్తయి' అని జెప్పుకున్న. నా కండ్లకేం గాలే. నువ్వు జేసినవ్ మోసం."

"తప్పైంది యాదగిరీ."

"ఇగ నువ్వు పో."

వాకిట్లోకి తొంగిచూసి చాయ్‌బండి అతన్ని కేకేశాడు: "రెండు చాయ్ పంపు." రెండు. ఒకటి తనకు, ఒకటి మౌనికకు. నేను బయట రోడ్డు మీద నిలబడ్డాను.

అసలు లెక్క

తిరిగి వచ్చేటప్పుడు హబ్సిగూడ దాకా వచ్చాం. అక్కడ మౌనిక ఆగింది.

"తప్పు గీసినాయనకేం గాలే. తప్పు జూసి నోరు మూసుకున్నందుకు నీకు గేటు మారింది. ఏ తప్పూ జెయ్యనాయన బయటవడ్డడు. ఇగ నన్ను ఏ దిక్కు పొమ్మంటవ్?"

జీతాల సంగతి మొదటిసారి ఏమీ కలపకుండా చెప్పాను. ఈ పనుల్లోకి వచ్చే మీ అందరికీ అదే చెబుతున్నాను.

మొదట్లో డై పని తెలిసినవాడిదే పైచెయ్యి. చేతిలో పనున్న కుర్రవాడికీ పిల్లకూ నాచారంలో, చర్లపల్లిలో పని దొరక్కపోవడం ఉండదు. స్తంభాల మీద "డై ఫిట్టర్ కావలెను" అని కాగితాలు అతికించుకుంటున్నారు. బీటెక్ చదివి బయటికొచ్చిన మొదటి ఏళ్లలో చాలామందికి వచ్చేది దానికన్నా తక్కువే, పైగా నెత్తిన ఫీజుల అప్పు. కాని ముప్పై అయిదో ఏడు వచ్చేసరికి ఇంజినీరు దాటిపోతాడు. పనిని బట్టి కాదు, పట్టాను బట్టి. యాభైలో ఫిట్టరు అదే కాంక్రీటు గచ్చు మీద నిలబడి ఉంటాడు, నడుము పట్టేసి ఉంటుంది. ఇంజినీరు కుర్చీలో ఉంటాడు. అతనికీ నడుము పట్టేసే ఉంటుంది, కాని దవాఖానా ఖర్చు కంపెనీది. కాబట్టి ఎంతొస్తది అని మాత్రమే అడిగి వదిలేయకండి. ఎన్నేళ్లు వస్తది, పర్మనెంటా కాంట్రాక్టా, ఇరవై ఏళ్ల తర్వాత ఇదే పనిచేస్తున్నవాళ్లు ఎక్కడున్నారు అని అడగండి. బోర్డు మీద ఫొటో ఉన్నవాణ్ని కాదు, బోర్డు మీద లేనివాణ్ని వెతికి అడగండి.

మిషన్లు వచ్చాక ఫిట్టరెందుకని అడిగేవాళ్లున్నారు. మిషను చెప్పిన కొలతకు కోస్తుంది. తప్పు చెబితే తప్పుగా, ఇంకా నున్నగా కోస్తుంది.

ఫిట్టరుకు తక్కువ ఇవ్వడం న్యాయం కాదు. ముమ్మాటికీ కాదు. ఈ దేశంలో చేత్తో చేసే పనికి పేరు పెట్టనివ్వరు, గేటు వేరు చేస్తారు, కాంట్రాక్టు పేరుతో పాతికేళ్ల పనివాణ్ని రేపు రావద్దంటారు. అయితే ఆ అన్యాయాన్ని నిలబెట్టిన చేతుల్లో నాదీ ఒకటి. కొంచెం జీతం కోసం పక్కవాణ్ని వదిలేసే నాలాంటివాళ్లు ప్రతి టూల్‌రూంలో ఉంటారు. మేనేజ్‌మెంట్లు దాని మీదే నడుస్తాయి.

శనివారం

శుక్రవారం సాయంత్రం సత్తయ్యకు చెప్పాను. అతను అరవలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

"డెబ్బై అన్నవ్ గద మామా."

"అన్న."

"నాకున్నది గొక్కటే ముక్క, గొక్కతే బిడ్డ. రెండింటి తోటి ఆటాడినవా?"

లేచి ఫోను తీశాడు, ప్లాటు బేరగాణ్ని మళ్లీ పిలుద్దామని. అప్పుడు మౌనిక వచ్చి ఫోను చేతిలోంచి తీసుకుంది.

"అమ్మకు బాపూ. నేను డిప్లొమాకే పోత."

"ఇంకా ఈ మనిషి మాట పట్టుకున్నవా?"

"ఈ తాతది కాదు. పొద్దుగాల యాదగిరి తాత దగ్గరికి మల్ల పోయిన. రెండు గంటలు కూసున్న. ఏం కష్టమున్నదో అంత జెప్పిండు. వేళ్లు సూపెట్టిండు. వద్దనలేదు. డిప్లొమా అయినంక పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడుల చేరొచ్చట, అది కూడ కనుక్కున్న. రేపు నేనే గీత గీసినా, తప్పైతే అది ఉక్కులకు పోకముందే నాకు ఎరుకైతది. ఎరుకైతే నోరు తెరుస్త."

చివరి మాట నన్ను చూసి అంది. శనివారం వెళ్లి చేరింది.

సత్తయ్య నాతో నెల దాకా మాట్లాడలేదు. ఇప్పుడు క్యాను దింపేటప్పుడు "ఆఁ, ఊఁ" అంటున్నాడు. యాదగిరి నా ఫోను ఎత్తడు. పాత కంపెనీ వాళ్లకు జరిగింది రాసి ఉత్తరం పంపాను. యాజమాన్యం ఎప్పుడో మారింది, ఎవరూ జవాబివ్వలేదు. ఆ ఉత్తరం నకలు యాదగిరి షెడ్డులో ఇచ్చి వచ్చాను. చదివాడో లేదో తెలియదు. పెద్ద డై ఒకటి పట్టుకున్నాడని మౌనిక చెప్పింది.

మొన్న ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చింది. అరచేతుల్లో బొబ్బలు. అక్కడ మొదటి నెలల్లో మిషను ముట్టనివ్వరు. ఇనుప దిమ్మెను చేత్తో ఆకురాయి పట్టి నాలుగు వైపులా లంబంగా వచ్చేదాకా రుద్దాలి. తను రుద్దిన దిమ్మెను కాగితంలోంచి తీసి నా ముందు పెట్టింది.

"ఎట్లున్నది తాతా?"

లంబం చూసే మూలమట్టం తెచ్చి దిమ్మెకు ఆనించి కిటికీ వైపు పట్టుకున్నాను. ఒక మూల, మట్టానికీ దిమ్మెకూ మధ్య, సన్నటి వెలుగుగీత కనిపించింది. మూడు వారాలు రుద్దిన దిమ్మె అది. మా ఇంటామె వంటింటి గుమ్మంలోంచి నన్నే చూస్తోంది.

"ఈ మూల వంక ఉన్నది బిడ్డ."

"మా సార్ ఓకే అన్నడు."

"సారు ఓకే అంటే సారుకైతది. వంక నీ ముక్కల ఉన్నది. మల్ల రుద్దు."

ఆమె ముఖం ఎర్రబడింది. దిమ్మెను లాక్కుని కాగితంలో చుట్టి, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా గేటు దాటి వెళ్లిపోయింది.